చెట్టు కింద వెలుతురు ఎంత? ఫోటోడయోడ్‌తో కొలిచి చూద్దాం

వీడియోలో చేతిలో మీటరు పట్టుకుని చూపించిన విషయమే ఇది. అంకెలు, లెక్కలు వీడియోలో గబగబా వెళ్ళిపోతాయి కాబట్టి, తీరిగ్గా చదువుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మాది నూజివీడు వైపు పాత బంగినపల్లి తోట. అందులో అర ఎకరంలో అంతర పంటగా పసుపు వేశాను. విత్తనం కొమ్ములకి బీజామృతం పట్టించాను, పదిహేను రోజులకోసారి జీవామృతం ఇచ్చాను, మామిడాకులతో ఆచ్ఛాదన కూడా బాగానే కప్పాను. మొక్క నిటారుగా, ఆకు పెద్దగా, చూడ్డానికి ముచ్చటగా పెరిగింది. ఫిబ్రవరిలో తవ్వితే ఏముంది? గట్టు పక్కన, ఎండ తగిలే వరుసలో మొక్కకి గుప్పెళ్ళకొద్దీ కొమ్ములు. తోట మధ్యలో మాత్రం వేలు లావున రెండు ముక్కలు, అంతే.

పక్క చేను బాబాయి వచ్చి చూసి, "పేడ నీళ్ళు పోస్తే దుంప ఊరుద్దంట్రా? రెండు బస్తాలు కాంప్లెక్స్ చల్లితే సరిపోయేది" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. కానీ ఒకటి ఆలోచించండి. గట్టు వరుసకీ, మధ్య వరుసకీ విత్తనం ఒకటే, జీవామృతం ఒకటే, నీళ్ళు ఒకటే. తేడా ఉన్నది నీడలోనే. పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు, "మామయ్యా, అనుకోవడం ఎందుకు, కొలుద్దాం" అని ఒక చిన్న ఫోటోడయోడ్ తెచ్చాడు.

ఫోటోడయోడ్ అంటే ఏంటి?

బోరు మోటారుకి పెట్టుకున్న సోలార్ ప్లేటు చూశారుగా. ఫోటోడయోడ్ దానికి చిన్న తమ్ముడు. మేము వాడిన బీపీడబ్ల్యూ 34 అనే రకంలో వెలుతురు పట్టే చోటు 7.5 చదరపు మిల్లీమీటర్లే, అంటే కందిగింజంత కూడా ఉండదు. లోపల ఉన్నది సిలికాన్ ముక్క.

ఆ ముక్కలో రెండు పొరలుంటాయి. ఒక పొరలో ఎలక్ట్రాన్లు ఎక్కువ, దాన్ని ఎన్ అంటారు. రెండో పొరలో ఎలక్ట్రాన్లు ఉండాల్సిన చోట ఖాళీలు ఎక్కువ, దాన్ని పీ అంటారు. ఈ రెండూ కలిసే చోట ఒక సన్నని పట్టీ ఏర్పడుతుంది. అక్కడ తిరిగే ఎలక్ట్రాన్లూ ఉండవు, ఖాళీలూ ఉండవు. కానీ అక్కడ కరెంటు వాలు ఒకటి ఉంటుంది, పొలంలో నీళ్ళు పల్లానికి పోయేట్టు వాలు కట్టినట్టు.

వెలుతురు చిన్న చిన్న రేణువులుగా వస్తుంది, వాటిని ఫోటాన్లంటారు. ఒక ఫోటాన్ వచ్చి సిలికాన్‌లో తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఊడి వస్తుంది, దాని చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఆ వాలు ఎలక్ట్రాన్‌ని ఎన్ వైపు, ఖాళీని పీ వైపు తోసేస్తుంది. బయట రెండు కాళ్ళనీ వైరుతో కలిపితే కరెంటు పారుతుంది. 1940లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రసెల్ ఓల్ అనే ఆయన, పగులున్న ఒక సిలికాన్ ముక్క మీద వెలుతురు పడితే కరెంటు రావడం గమనించాడు. సోలార్ ప్లేట్ల కథ అక్కడి నుంచే నడిచింది.

మనకి కావాల్సిన అసలు సంగతి ఇదండి: పడిన ఫోటాన్ల లెక్కనే ఎలక్ట్రాన్లు ఊడతాయి. వెలుతురు రెట్టింపైతే కరెంటు కూడా రెట్టింపు, వెలుతురు పదో వంతైతే కరెంటు కూడా పదో వంతు. అందుకే ఇది కొలతకి పనికొస్తుంది. వీధి లైట్లు వాటంతటవే వెలగడానికి వాడే ఎల్‌డీఆర్ ఇంకా చవక. కానీ అది ఇలా సూటిగా లెక్క చెప్పదు, వేడికి కూడా మారుతుంది. చీకటా వెలుతురా చెప్పడానికి చాలు గానీ, నీడ ఎంత శాతమో చెప్పడానికి చాలదు.

కొలవడం ఎలా?

కావాల్సినవి మూడే. ఒక ఫోటోడయోడ్, ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలు మల్టీమీటరు, కుళాయి మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు.

1. డయోడ్ రెండు కాళ్ళకీ రెండు మీటర్ల వైరు అతికించి, చిన్న చెక్క మీద సమానంగా ఉండేలా బిగించండి. డయోడ్ ముఖం ఆకాశం వైపు ఉండాలి.

2. దాని మీద టెఫ్లాన్ టేపు నాలుగైదు పొరలు కప్పండి. ఇది లేకపోతే ఏటవాలుగా వచ్చే వెలుతురు సరిగా లెక్కకి రాదు. టేపు వేశాక రీడింగ్ తగ్గుతుంది, కంగారు పడొద్దు. అన్ని చోట్లా అదే టేపు ఉంటుంది కాబట్టి శాతం మారదు.

3. మల్టీమీటరుని డీసీ కరెంటు 20 మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి, వైర్లు నేరుగా కలపండి. బ్యాటరీ అక్కర్లేదు. మైనస్ గుర్తు వస్తే వైర్లు అటుది ఇటు పెట్టండి, అంతే.

4. ముందు తోట బయట పూర్తి ఎండలో రీడింగ్ రాసుకోండి. తర్వాత చెట్ల కింద, పంట ఆకు ఉండే ఎత్తులో రీడింగులు తీయండి. మళ్ళీ బయటకొచ్చి ఇంకోసారి చూడండి. మొదటిసారికీ ఇప్పటికీ బాగా తేడా ఉంటే మధ్యలో మబ్బు అడ్డొచ్చినట్టు, మొత్తం మళ్ళీ తీయాలి.

5. చెట్టు కింద ఒక్క చోట చూస్తే మోసపోతాం. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు పడుతుంటాయి, ఆ మచ్చలో పెడితే ఒకటి వస్తుంది, పక్కన పెడితే ఇంకొకటి వస్తుంది. తోటలో ఒక మూల నుంచి ఎదుటి మూలకి నడుస్తూ, ఎంచుకోకుండా లెక్క అడుగులకొకటి చొప్పున కనీసం 20 చోట్ల తీసి సగటు కట్టండి. మీ నీడ దాని మీద పడకుండా చూసుకోండి.

చెట్టు కింద సగటుని బయటి రీడింగ్‌తో భాగించి, 100తో గుణిస్తే ఎంత శాతం వెలుతురు దిగుతోందో తెలుస్తుంది. మనకి శాతమే కావాలి కాబట్టి ఖరీదైన మీటరుతో సరిచూసుకునే పని లేదు. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 3 గంటలకి మూడుసార్లు తీస్తే రోజు మొత్తం మీద ఒక అంచనా వస్తుంది.

ఒక హెచ్చరిక. కొందరు మీటరుని వోల్టు మీద పెట్టి చూస్తారు. అది తప్పు. వెలుతురు పదో వంతుకి పడిపోయినా డయోడ్ వోల్టేజీ తగ్గేది దాదాపు 0.06 వోల్టు మాత్రమే. నీడలో కూడా "బాగానే ఉంది" అని చెబుతుంది. కరెంటే చూడాలి. పని అయ్యాక మీటరుని ఆ కరెంటు స్థానంలోనే ఉంచి బ్యాటరీకి పెట్టారంటే ఫ్యూజు పోతుంది, అది కూడా గుర్తు పెట్టుకోండి.

నేను పొరపడిన చోటు

మార్చిలో ఒక మధ్యాహ్నం కొలిచాం. బయట 1.40 మిల్లీ ఆంపియర్లు. తోట మధ్యలో సగటు 0.39. అంటే 28 శాతం. పసుపు కొంత నీడని తట్టుకునే పంట. మరీ చీకటేమీ కాదు, లోపం ఇంకెక్కడో ఉందనుకున్నాను. మళ్ళీ అదే చోట పసుపు వేయడానికి సిద్ధపడ్డాను. అర ఎకరానికి నాలుగైదు క్వింటాళ్ళ విత్తనం అండి, అది తక్కువ ఖర్చా?

మేనల్లుడు ఆపాడు. "మామయ్యా, ఈ డయోడ్ చూసే వెలుతురూ, ఆకు తినే వెలుతురూ ఒకటి కాదు" అన్నాడు.

విషయం ఏంటంటే, ఆకు తన తిండి తయారీకి వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురుని. ఊదా నుంచి ఎరుపు దాకా, అంటే మన కంటికి కనబడేదే. సిలికాన్ మాత్రం 1100 నానోమీటర్ల దాకా చూస్తుంది. బీపీడబ్ల్యూ 34 అన్నిటికంటే బాగా చూసేది 900 దగ్గర. అది కంటికి కనబడని పరారుణ కాంతి, టీవీ రిమోట్లో వచ్చే లాంటిది.

పచ్చటి ఆకు కనబడే వెలుతురులో చాలా భాగం తానే మింగేస్తుంది. పరారుణ కాంతిని మాత్రం పెద్దగా పట్టించుకోదు, కొంత వెనక్కి కొడుతుంది, కొంత కిందకి వదిలేస్తుంది. కాబట్టి మామిడి చెట్టు కింద దిగేది ఎక్కువగా పంటకి పనికిరాని వెలుతురు. మన డయోడ్ దాన్ని కూడా కలిపి 28 శాతం అని చూపించింది. వడ్లు, తాలు కలిపి తూచినట్టు!

దీనికి మందు ఫిల్టరు ఉన్న ఫోటోడయోడ్. బీపీడబ్ల్యూ 21 అనే రకానికి పైన ప్రత్యేకమైన అద్దం ఉంటుంది, అది పరారుణాన్ని ఆపి, దాదాపు మన కన్ను చూసినట్టే చూస్తుంది. లక్సుకి సుమారు 10 నానో ఆంపియర్లు ఇస్తుంది, అంటే లక్ష లక్సుల పూర్తి ఎండలో టేపు లేకుండా దాదాపు 1 మిల్లీ ఆంపియర్. ధర మొదటిదాని కంటే బాగా ఎక్కువే, కానీ ఒక్కటి కొంటే చాలు. మీటరుని 2000 మైక్రో ఆంపియర్ల మీద పెట్టి వాడాం.

దీనితో మళ్ళీ కొలిస్తే బయట 420 మైక్రో ఆంపియర్లు, తోట మధ్యలో సగటు 51. అంటే 12 శాతం! ఎనిమిదో వంతు వెలుతురు కూడా లేదు. ఆ వెలుతురులో మొక్క ఎండ కోసం పైకి సాగుతుంది, ఆకు వెడల్పు చేసుకుంటుంది, దుంపకి పంపడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. నాకు ముచ్చటగా కనబడిన ఆ పెద్ద ఆకు నిజానికి ఆకలితో ఉన్న ఆకు. జీవామృతం తప్పేమీ లేదు. నేల ఎంత బాగున్నా, వెలుతురు లేకపోతే ఆకు వంట చేయలేదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

పైన నల్లగా ఉన్న ఫోటోడయోడ్ కొనకండి. ఆ నలుపు మామూలు వెలుతురుని ఆపి పరారుణాన్నే లోపలికి వదులుతుంది, మనకి సరిగ్గా ఉల్టా పని చేస్తుంది. బీహెచ్ 1750 అనే చిన్న డిజిటల్ సెన్సార్ కూడా దొరుకుతుంది, లోపల ఫోటోడయోడే ఉంటుంది, నేరుగా లక్సుల్లో చెబుతుంది. అయితే మామూలు సెట్టింగ్‌లో అది 54,612 లక్సుల దగ్గర ఆగిపోతుంది. మన ఎండ లక్ష దాకా పోతుంది. బయటి రీడింగే తప్పైతే శాతం మొత్తం తప్పుతుంది. సెట్టింగ్ మార్చి గానీ, పైన టేపు కప్పి గానీ వాడుకోవాలి.

ఎవరైనా వెలుతురుని మైక్రోమోళ్ళలో చెబితే, ఎండ విషయంలో లక్సులని 54తో భాగించండి, దాదాపు సరిపోతుంది. లక్ష లక్సులంటే సుమారు 1850 మైక్రోమోళ్ళు. ఈ లెక్క ఎండకి మాత్రమే, ఎల్‌ఈడీ లైట్లకి పనికిరాదు.

తర్వాత ఏం చేశాను?

జూన్‌లో కాయ కోత అయిపోగానే చెట్ల నడుమ గుబురుగా ఉన్న కొమ్మలు తీయించి, గుండె తెరిచినట్టు చేశాను. కొట్టిన కొమ్మల ఆకంతా ఆచ్ఛాదనకే పోయింది. మళ్ళీ కొలిస్తే 31 శాతం వచ్చింది, ఈసారి తాలు లేని లెక్క. పసుపుని గట్టు పక్క వరుసల్లోనూ, తెరిపి వచ్చిన చోట్లా మాత్రమే వేశాను. ఇంకా 15 శాతం దాటని మూలల్లో ఏమీ వేయకుండా ఆకు ఆచ్ఛాదనతో వదిలేశాను. ఖాళీగా వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, విత్తనం మిగిలింది కదా.

మొన్న ఫిబ్రవరిలో తవ్వాం. గట్టు వరుసంత కాదు గానీ, లోపల కూడా దుంప ఊరింది. బాబాయి ఒక గడ్డ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మా కొబ్బరి చెట్ల కింద కూడా ఒకసారి ఆ మీటరు పెట్టి చూడరా" అన్నాడు.

ఐదు అంచెల తోట వేసేవాళ్ళకి నా మనవి ఒక్కటే. పై అంచె పెరిగే కొద్దీ కింద వెలుతురు ఏటా తగ్గుతూనే ఉంటుంది. మొదటి ఏడాది పండింది కదా అని నాలుగో ఏడాది కూడా అదే పంట వేయొద్దు. విత్తనం కొనేముందు ఒక మధ్యాహ్నం తోటలో నడిచి కొలవండి, పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది ఏం వేయాలో ఆ పేజీయే చెబుతుంది.