ప్రమాదకర సరుకు: కిరాయికి ముందే వివరం

ఇల్లందు నుంచి బొగ్గు లోడుకు టన్నులు, దూరం తెలిస్తే కిరాయి కుదురుతుంది. యాసిడ్ డ్రములకు అది చాలదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) 131 ప్రకారం సరుకు పంపేవారు లారీ యజమానికి పూర్తి వివరం ఇవ్వాలి. అది సరియైనదని రవాణా చేపట్టే ముందే యజమాని నిర్ధారించుకోవాలని 132 చెబుతోంది. సొంత లారీ తానే నడుపుకొనేవానిపై యజమాని, డ్రైవరు బాధ్యతలు రెండూ పడతాయి.

శిక్షణ, రక్షణ సామగ్రి, ఖాళీగా తిరిగి రావడం కిరాయిలో చేరవలసిన ఖర్చులు. వే బిల్లులో ‘కెమికల్స్’ అని మాత్రమే ఉంటే ఈ లెక్క తేలదు. అసంపూర్ణ వివరం వల్ల రవాణా సంస్థకు కలిగే నష్టాన్ని సరుకు పంపినవారే భరించాలని 2007 రోడ్డు రవాణా చట్టం అంటోంది. చిన్న లారీదారు ఆ షరతును బేరంలోనే రాయించుకోవడం మేలు.

గనుల పేలుడు పదార్థాలకు లైసెన్సు గల ప్రత్యేక వ్యాను కావాలి. ఎంత కిరాయి పలికినా మామూలు లారీకి ఆ లోడు కుదర్చరాదు.