యాతనాగృహం: ఒక పాత చలనచిత్రాన్ని గూర్చి

1932వ సంవత్సరం తెలుగువారికి గుర్తుండదగినది. ఆ యేడు ఫిబ్రవరిలో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలయినది. ఆ యేడే డిసెంబరులో అమెరికాలోని పారమౌంట్ సంస్థ 'ఐలండ్ ఆఫ్ లాస్ట్ సోల్స్' అను భయానక చిత్రాన్ని ప్రదర్శనకు తెచ్చినది. దర్శకుడు అర్ల్ కెంటన్. చిత్రం నిడివి డెబ్బది నిమిషములకు మించదు. అయినను విజ్ఞానశాస్త్రం చదువుకొను విద్యార్థి ఒకసారి శ్రద్ధగా చూడవలసిన చిత్రమని నా అభిప్రాయం.

కథ సులభమైనదే. ఓడ మునిగి ప్రాణాలతో బయటపడిన పార్కర్ అను యువకుడు దక్షిణ సముద్రంలోని ఒక దీవికి చేరును. ఆ దీవికి ప్రభువు డాక్టర్ మోరో. జంతువులను శస్త్రచికిత్సతోను, రక్తమార్పిడితోను, గ్రంథిరసములతోను, కిరణములతోను మనుష్యులుగా మార్చుట అతని వ్యాపకం. చిరుతపులి నుండి అతడు తయారుచేసిన లోటా అను యువతికి ప్రేమించు శక్తి కలదో లేదో తెలుసుకొనుటకు పార్కర్‌ను ఆమె చెంతకు చేర్చును. అనగా అతిథి కూడ తనకు తెలియకుండగనే ప్రయోగసామగ్రి అయినాడన్నమాట. కొంతకాలానికి లోటా వ్రేళ్లకు మరల గోళ్లు మొలచును. అది చూచి మోరో మొదట నిరాశ చెందినను, ఆమె కన్నీరు గమనించి ఉత్సాహం తెచ్చుకొని, ఆమెలో మిగిలిన మృగాంశమును కాల్చివేయ నిశ్చయించును. ఆమె ఏడ్చుచున్నది. ఆ కన్నీరు అతనికి ఫలితం మాత్రమే!

చార్లెస్ లాటన్ ఈ పాత్రను అరుపులు లేకుండ, చిరునవ్వుతో, తెల్లని దుస్తులలో, తేనీరు అందించు మర్యాదస్థునివలె నటించినాడు. భయమంతయు ఆ మర్యాదలోనే ఉన్నది. శబ్దం అప్పుడప్పుడే సినిమాకు వచ్చిన రోజులవి. చిత్రంలో నేపథ్య సంగీతం దాదాపు లేదు. తలుపు వెనుకనుండి ఒక ఆర్తనాదం వినవచ్చును. లోపల ఏమి జరుగుచున్నదో కొంతసేపటివరకు చూపరు. ఆ గదికి దీవిలోని జీవులు పెట్టుకొన్న పేరు 'యాతనాగృహం'.

ఆ జీవులకు మోరో ఒక శాసనం నేర్పినాడు. నాలుగు కాళ్లపై నడువరాదు, మాంసం తినరాదు, రక్తం చిందింపరాదు. బేలా లుగోసీ నటించిన శాసనపాఠకుడు ఒక్కొక్క నియమం పలుకగా తక్కినవారు తామును మనుష్యులమే కదా అని బదులు పలుకుదురు. చిత్రానికి ప్రాణం ఈ ఘట్టం. తరువాత తన అవసరం కొరకు ఒక ఓడ కప్తానును చంపుమని మోరోయే ఒక జీవిని పురికొల్పును. శాసనం చేసినవాడే దానిని మీరినాడు. మనుష్యుడు చావగలడని జీవులకు తెలిసిపోయినది. అటుపైన కొరడా పనిచేయలేదు. వారు అతనిని అతని యాతనాగృహానికే మోసికొనిపోయి, అతని కత్తులే చేతబట్టుదురు.

మూలం హెచ్. జి. వెల్స్ 1896లో ప్రకటించిన నవల. వెల్స్ టి. హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం చదివినవాడు. కనుక శాస్త్రద్వేషి కాడు. సజీవ జంతువులను కోసి పరీక్షించుటపై ఇంగ్లండులో తీవ్రవాదములు చెలరేగి, 1876లోనే అట్టి ప్రయోగములకు అనుమతిపత్రం అవసరమని చట్టం వచ్చినది. నవల వెనుక ఆ వాతావరణమున్నది. నవలలో మోరోను చంపునది అతడు కోయుచున్న ప్యూమా. చిరుతపులి యువతి ప్రణయం సినిమావారి చేర్పు. వెల్స్‌కు చిత్రం నచ్చలేదు. బ్రిటిష్ సెన్సారువారు 1933లో దీనిని నిరాకరించి, 1958లో గాని, అదియును కోతలతో గాని, అనుమతింపలేదు.

అయితే ఈ చిత్రంలో ఒక లోపం నాకు తోచుచున్నది. దుర్మార్గుడైన శాస్త్రజ్ఞుడు లోకానికి దూరముగా, దీవిలో, కొరడాతో ఉండునన్న భ్రమ అది కలిగించును. అదే 1932లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కెగీ ప్రాంతంలో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఒక అధ్యయనం ఆరంభించినది. సవాయి వ్యాధిగల 399 మంది నల్లజాతి పురుషులను, వ్యాధిలేని 201 మందిని ఎంచుకొని, చికిత్స లేకున్న ఆ వ్యాధి ఎట్లు ముదురునో గమనించిరి. రోగులకు వ్యాధి పేరు చెప్పలేదు. 'చెడు రక్తం' అనిరి. ఉచిత భోజనము, అంత్యక్రియల ఖర్చు ఇత్తుమనిరి. 1940ల చివరినాటికి పెనిసిలిన్ ఆ వ్యాధికి సాధారణ చికిత్స అయినను వారికి దానిని అందనీయలేదు. ఇక్కడ కొరడా లేదు, ఆర్తనాదం లేదు. ఫలితములు వైద్యపత్రికలలో బహిరంగముగనే అచ్చయినవి. చదివిన వైద్యులెందరో!

చిత్రంలో మాంట్‌గొమరీ అను సహాయక వైద్యుడు కలడు. ఏదో తప్పుచేసి, జైలుకు వెరచి, మోరో నీడను చేరినవాడు. అన్నియు తెలిసి, త్రాగుచు, ఊరకుండును. చివరకు తిరుగబడి పార్కర్‌ను తప్పించును. నేను ఈ చిత్రాన్ని రెండవమారు చూచినపుడు నా కన్ను మోరోపై గాక ఇతనిపైననే నిలిచినది. టస్కెగీలోను ఇట్టివారు పెక్కుమంది ఉండిరి, తిరుగబడినవారు తక్కువ. పీటర్ బక్స్‌టన్ అను ఆ శాఖ ఉద్యోగి 1966లో పై అధికారులకు అభ్యంతరం వ్రాసినాడు. వారు వినలేదు. ఆరేండ్ల పిమ్మట అతడు కాగితములను పత్రికలవారికి అందజేయగా, 1972 జూలైలో వార్త వెలువడి, అధ్యయనం నిలిచిపోయినది. అప్పటికి నలువది యేండ్లు గడచినవి. 1997 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పినపుడు మిగిలియున్నవారు ఎనమండుగురు. వారిలో ఐదుగురు వచ్చి ఆ మాట విన్నారు.