బొమ్మ కారు రోబో అయ్యేదెప్పుడు?

రిమోట్‌తో నడిచే బొమ్మ కారును చాలామంది రోబో అనేస్తారు. నిజానికి అందులో నిర్ణయాలన్నీ రిమోట్ పట్టుకున్న మనిషివే. గోడ ఎదురైనా కారుకు తెలియదు; బటన్ నొక్కినంతసేపూ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. పరిసరాలను గ్రహించే సెన్సర్, ఆ సమాచారాన్ని బట్టి నిర్ణయం తీసుకునే కంప్యూటర్ తోడైతేనే అది రోబో. ఈ మార్పును ఇంట్లోనైనా, బడిలోనైనా చేసి చూడవచ్చు.

లోపల ఏం మార్చాలి?

కారు పైభాగాన్ని విప్పితే బ్యాటరీలు, రిసీవర్ బోర్డు, మోటార్లు కనిపిస్తాయి. చాలా కార్లలో ఒక మోటారు ముందుకూ వెనక్కూ నడుపుతుంది, రెండోది ముందు చక్రాలను పక్కకు తిప్పుతుంది. వీటిని అలాగే ఉంచి, రిసీవర్ స్థానంలో ఆర్డుయినో ఊనో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టాలి. కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రామును యూఎస్‌బీ కేబుల్‌తో దీనిలోకి ఎక్కించవచ్చు.

మోటారును నేరుగా ఈ బోర్డుకు కలపకూడదు. ఊనో పిన్ను తట్టుకోగల కరెంటు గరిష్ఠంగా 40 మిల్లీఆంపియర్లు. బొమ్మ మోటారు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది కాబట్టి పిన్ను పాడైపోతుంది. అందుకే మధ్యలో మోటారు డ్రైవర్ ఉండాలి. దీనిలో హెచ్-బ్రిడ్జి అనే నాలుగు స్విచ్‌ల అమరిక ఉంటుంది. ఐమూలగా ఉన్న ఒక జంట స్విచ్‌లు మూసుకుంటే మోటారు ఒక వైపు తిరుగుతుంది, రెండో జంట మూసుకుంటే వ్యతిరేక దిశలో తిరుగుతుంది. బోర్డు ఇచ్చేది ఆదేశం మాత్రమే, శక్తినిచ్చేది బ్యాటరీ. బోర్డు, డ్రైవర్, బ్యాటరీల గ్రౌండ్ వైర్లను మాత్రం ఒకచోట కలపాలి.

గబ్బిలం పద్ధతి

కారు ముందు అల్ట్రాసోనిక్ సెన్సర్ అమర్చుదాం. ఇది మన చెవికి వినపడని 40 కిలోహెర్ట్జ్‌ల ధ్వనిని పంపి, ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. గోడ 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ధ్వని వెళ్లి రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఇక ప్రోగ్రాములో ఒక నియమం చాలు: దూరం 30 సెంటీమీటర్ల కన్నా తగ్గితే ఆగు, చక్రాలు తిప్పి వెనక్కు వెళ్లు, మళ్లీ ముందుకు సాగు.

నిర్ణయం ఎక్కడ?

బ్లూటూత్ మాడ్యూల్ కలిపితే ల్యాప్‌టాప్ నుంచి కూడా కారును నడపవచ్చు. అయితే సెన్సర్ సమాచారం ల్యాప్‌టాప్‌కు చేరి, ఆదేశం తిరిగి రావడానికి 0.2 సెకను పట్టిందనుకోండి. సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్లే కారు ఈలోగా 20 సెంటీమీటర్లు దూసుకుపోతుంది. కాబట్టి ఎటు వెళ్లాలో ల్యాప్‌టాప్ చెప్పవచ్చు కానీ, ఆగే నిర్ణయం కారులోనే ఉండాలి. అర సెకను పాటు ఆదేశం రాకపోతే దానంతట అదే ఆగిపోయేలా కూడా ప్రోగ్రాము రాయాలి.

చంద్రుడి మీద ఈ సమస్య ఇంకా పెద్దది. అక్కడికి సంకేతం వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ వేగం సెకనుకు ఒక సెంటీమీటరే. 2023 ఆగస్టు 27న 4 మీటర్ల వ్యాసమున్న గుంత ఎదురైనప్పుడు అది ఇంకా 3 మీటర్ల దూరంలో ఉంది. వచ్చిన దారినే వెనక్కు మళ్లమని ఆదేశించడానికి శాస్త్రవేత్తలకు తగిన వ్యవధి దొరికింది.

మీ కారును మొదట గోడ ఎదుట, తర్వాత కర్టెన్ ఎదుట పరీక్షించండి. మెత్తని గుడ్డ ధ్వనిని పీల్చుకుంటుంది కాబట్టి సెన్సర్ పొరబడవచ్చు. నున్నని గచ్చు మీద, చాప మీద ఎంత దూరంలో ఆగుతుందో కొలిచి రాసుకోండి. ఆ 30 సెంటీమీటర్లు సరిపోతాయో, పెంచాలో ఆ కొలతలే చెబుతాయి.