బాక్టీరియా అల్లుకునే పోగులు: ఒక పాత ల్యాబు మనిషి పాఠాలు

పరిశోధనలోకి వెళ్తున్న పిల్లలకు, మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చేయించి రిటైరైన వాడిగా చెప్పే మాటలివి.

1. అమిలాయిడ్ అనగానే అల్జీమర్స్ దగ్గరే ఆగిపోకండి. మన మెదడులో అది దారి తప్పిన ప్రొటీన్ ముద్ద. బాక్టీరియాకి మాత్రం కావాలని చేసుకున్న సరంజామా. ఈ.కోలై ఒంటిమీది కర్లీ పోగుల్ని 1989లోనే వర్ణించారు. అవి అమిలాయిడేనని 2002లో గానీ తేలలేదు.

2. ఆ తయారీలో క్రమశిక్షణ చూడండి. ముడిసరుకు సీఎస్‌జీఏ అనే ప్రొటీన్. అది కణం లోపలే పేరుకుంటే బాక్టీరియాకే చేటు. అందుకని మడత పడకముందే బయటికి తోసేస్తుంది. బయటి పొర మీద సీఎస్‌జీబీ కాచుకుని ఉంటుంది, పాలకు తోడులాగా. అది తగిలాక పోగు చకచకా పెరుగుతుంది. లోపల తొందరపడి పేరుకోకుండా సీఎస్‌జీసీ కాపలా. ఇంత ఏర్పాటున్నదాన్ని ‘తప్పు మడత’ అని రికార్డులో రాసినవాళ్లకు నేను మార్కులు వేసేవాణ్ణి కాదు.

3. ఇంక్యుబేటర్ అలవాటుగా 37 డిగ్రీల మీదే ఉంటుంది. ల్యాబుల్లో పెంచే చాలా ఈ.కోలై రకాలు కర్లీ చేసేది 30కి లోపు, ఉప్పు లేని మీడియంలో. కాంగో రెడ్ ప్లేటు ఎర్రబడినా సంబరపడొద్దు, సెల్యులోజ్ కూడా ఆ రంగు పడుతుంది. జెల్‌లో బ్యాండ్ రాకపోతే ముందు ఫార్మిక్ యాసిడ్‌తో పోగును విడగొట్టారా అని చూసుకోండి. ఎస్‌డీఎస్‌లో మరిగించినంత మాత్రాన అది లొంగదు.

4. అసలు కథ స్టాఫ్ ఆరియస్‌ది. సంఖ్య బాగా పెరిగాక ఏజీఆర్ వ్యవస్థ మేల్కొని పీఎస్‌ఎం అనే చిన్న పెప్టైడ్లను వదులుతుంది. వాటిలో ఆల్ఫా3కి ఉన్నది 22 అమైనో ఆమ్లాలే, అయినా తెల్లరక్తకణాల పొరను చీల్చేస్తుంది. టెక్నియాన్‌లో మేతల్ లాండౌ బృందం 2017లో దాని పోగు నిర్మాణం చూపించింది: బీటా షీట్లు కావు, హెలిక్సులే వరసగా పేర్చి ఉన్నాయి! అమిలాయిడ్ అంటే బీటానే అన్న పుస్తకం వాక్యం అక్కడితో చెల్లిపోయింది. అదే కుటుంబంలోని ఆల్ఫా1, ఆల్ఫా4 మాత్రం గట్టి బీటా పోగులై బయోఫిల్మ్‌కు ఊతమిస్తాయి. చంపేది పోగా, విడి పెప్టైడా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. పోగు కట్టే క్రమంలోనే విషముందనే వాళ్ల వైపు నేను.

5. క్యాథెటర్‌కి స్టాఫ్ బయోఫిల్మ్ పట్టాక మందు మోతాదు పెంచుతూ కూర్చోవడం దండగ. డాక్టరు వీలుందంటే ఆ గొట్టం తీయించేయండి.