నెట్ వేగంగానే ఉంది, వీపీఎన్ ఎందుకు నత్తనడక?

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఊరు ఖరగ్‌పూర్. అక్కడి మలంచాలో ఓ ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉందనుకుందాం. స్పీడ్ టెస్టులో పూర్తి వేగం కనిపిస్తుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసే అమ్మాయి రౌటర్‌లోనే వీపీఎన్ పెట్టగానే అది పాతికకు పడిపోతుంది. ముందు నెట్ కంపెనీని తిట్టుకుంటారు, తర్వాత ఖరీదైన ప్లాన్‌కు మారతారు. వీపీఎన్ మాత్రం పాతిక దగ్గరే ఉంటుంది.

మామూలు వేళల్లో రౌటర్ ప్రాసెసర్‌కు పెద్ద పని పడదు. చాలా రౌటర్లలో ప్యాకెట్లను దాటించడానికి విడిగా హార్డ్‌వేర్ ఉంటుంది. స్టేషన్లో ఆగకుండా మెయిన్ లైన్ మీద సాగిపోయే గూడ్సు బండిలా డేటా వెళ్లిపోతుంది. వీపీఎన్ పెడితే ప్రతి వ్యాగన్‌నూ యార్డులోకి మళ్లించి, సరుకును రహస్య లిపిలోకి మార్చి, సీలు వేసి పంపాలి. చవక రౌటర్లలో ఆ చాకిరీ అంతా ప్రాసెసర్‌దే.

లెక్క వేద్దాం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు కోటీ పాతిక లక్షల బైట్లు. 880 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కోర్‌కు సెకనుకు 88 కోట్ల క్లాక్ సైకిళ్లు. అంటే ఒక్కో బైటుకు దక్కేవి దాదాపు 70. ఏఈఎస్-256 పద్ధతిలో ప్రతి 16 బైట్ల ముక్కకూ 14 రౌండ్ల గణితం చేయాలి. దారిలో ఎవరూ మార్చలేదని తేల్చే పరీక్ష, మెమరీలో కాపీలు, రౌటర్ మిగతా పనులు కూడా ఆ 70లోనే సర్దుకోవాలి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే బైటుకు మిగిలేవి 23!

కొన్ని చిప్‌లలో ఏఈఎస్ కోసమే ప్రత్యేక ఆదేశాలుంటాయి. కొనేటప్పుడు గిగాహెర్ట్జ్ కంటే ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. రాస్‌ప్‌బెర్రీ పై 4 విడుదలైనప్పుడు దాని ప్రాసెసర్ వేగం 1.5 గిగాహెర్ట్జ్, కానీ దానిలో ఈ ఆదేశాలు లేవు.

సాఫ్ట్‌వేర్‌కూ ఇందులో వాటా ఉంది. ఓపెన్‌వీపీఎన్ సాధారణంగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది, నాలుగు కోర్లున్నా మూడు చూస్తూ కూర్చుంటాయి. 2020లో లినక్స్ కెర్నల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ పనిని కోర్లకు పంచుతుంది. అది వాడే చాచా20 లిపికి కూడికలు, బిట్ల మార్పిడులు చాలు. ఏ చిప్‌కైనా అవి తేలికే. అందుకే అదే పాత రౌటర్ మీద కూడా సాధారణంగా ఇది చురుగ్గా నడుస్తుంది.

కొత్త ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష చేయండి. రౌటర్‌లో వీపీఎన్ ఆపి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి, అదే వీపీఎన్ సర్వర్‌కు ల్యాప్‌టాప్ నుంచే కనెక్ట్ అవ్వండి. వేగం పెరిగితే ఇరుకు రౌటర్‌లోనే ఉన్నట్టు. వీపీఎన్‌ను ల్యాప్‌టాప్‌లోనే ఉంచేస్తే పైసా ఖర్చు లేదు. పెరగకపోతే సర్వర్ వైపు చూడాలి.