గ్రంథాలయములో పసిపిల్లల చాప

రాయదుర్గమున మెట్రో రైలు దిగినవారికి ముందుగా కానవచ్చునవి అద్దాల మేడలు. వాటి నడుమ అక్కడక్కడ మిగిలిన నల్లరాతి గుండ్లే ఆ ఊరి పూర్వపు గురుతులు. శేరిలింగంపల్లి పురపాలకముతో పాటు ఈ ఊరును 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. అచట పెద్ద భవనముల ప్రహరీలలోపల పిల్లల ఆటగదులు కలవు. ఆ భవనములను కట్టిన కూలీల బిడ్డలకు ఇసుకకుప్పయే ఆటస్థలము. ఈ ఇరువురు పిల్లలును రుసుము లేక ఒక్క చాపపై కూర్చుండదగిన చోటు ప్రజా గ్రంథాలయమే యని మా యభిప్రాయము.

పంచాయతీ సభ్యులారా! 1960 నాటి శాసనము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మీరు వసూలు చేయుచున్నారు. పసిబిడ్డలున్న ఇంటివారును దానిని చెల్లించుచున్నారు. కాని పత్రికలు చదువు పెద్దలకును, పరీక్షలకు సిద్ధపడు యువకులకును దొరకు తావు ఆ బిడ్డలకు దొరకుట అరుదు. బిడ్డ కేక వేసినచో తల్లిని బయటకు పొమ్మందురు!

ఆరేండ్లలోపు బిడ్డకు ఆటయే చదువు. వామనగుంటలలో గింజలు పంచుచు లెక్క నేర్చును. చప్పట్లతో పాడునపుడు మాట ఎట్లు విడిపోవునో చెవి పసిగట్టును. పలకపై అక్షరము దిద్దుటకు ముందు కావలసిన తరిఫీదు ఇదియే. గుజ్జనగూళ్ల ఆటలో "నీవు అత్తవు, నేను కోడలను" అనుచు కథ కల్పించుట అలవరచుకొనును. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును నడిపినదియు, న్యాయపతి రాఘవరావు దంపతులు 1940లో బాలానంద సంఘమును నెలకొల్పినదియు ఈ ఎరుకతోనే. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో 1992లో పసికందుల తల్లిదండ్రులకు పుస్తకముల సంచి నిచ్చి గ్రంథాలయమునకు రమ్మనిరి.

ఇందుకు కావలసినది పెద్ద ఏర్పాటు కాదు. వారమునకు ఒక గంట, ఒక చాప, పది బొమ్మల పుస్తకములు, చెక్కముక్కలు, గుడ్డబొమ్మలు చాలును. తల్లియో తాతయో బిడ్డ ప్రక్కనే కూర్చుండవలెను. గ్రంథపాలకునకు బిడ్డను అప్పగించి పోరాదు. అంగన్‌వాడీ ఉండగా ఇది యెందుకని కొందరు అడుగుదురు. అచట నేర్చునది బిడ్డ. ఇచట ఇంటివారును నేర్చి ఆ యాటను ఇంటికి కొనిపోవుదురు. చదువురాని నాయనమ్మయు బొమ్మ చూపి కథ చెప్పగలదు. ఒరియా కూలీ బిడ్డకును బొమ్మ అర్థమగును. మూడేండ్లలోపు పిల్లల ముందు మాత్రము చింతగింజలు, గవ్వలు ఉంచరాదు, గొంతులో అడ్డుపడును. పుస్తకములు చిరుగును, చిరుగనిండు. బీరువాలో తాళము క్రింద నున్న పుస్తకము వలన ఫలమేమి?

ఔటర్ రింగు రోడ్డు లోపలి 51 గ్రామపంచాయతీలు 2024లో పురపాలకములలో కలిసినవి. నగరపు అంచున మిగిలిన పంచాయతీలకు వ్యవధి తక్కువ. నేల ధర పెరిగిన పిమ్మట చాప పరచుటకు సర్కారు స్థలము దొరకదు. బడికి దగ్గరగా ఒక గదినైనను గ్రంథాలయమునకు కేటాయించి, గ్రామసభలో తీర్మానించి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపుడు. పంపుటకు ముందు మీ సెస్సు బకాయి ఎంతయో చూచుకొనుడు. సంస్థవారు మొదట అడుగునది దానినే.