ఏసీ బిగింపు సగంలో ఆగితే... మిగతాది మనమే చేసుకోవచ్చా?

ఎండలు ముదిరితే హసన్‌పర్తిలోనూ, ఎర్రగట్టుగుట్ట కాలేజీల చుట్టూ ఉన్న అద్దె ఇళ్లలోనూ తరచూ జరిగేదే ఇది. టెక్నీషియన్ వస్తాడు, రెండు యూనిట్లూ గోడకు తగిలిస్తాడు, "పవర్ పాయింట్ లేదు, పెట్టించుకుని ఫోన్ చేయండి" అని వెళ్లిపోతాడు. మళ్లీ దొరకడానికి వారం. ఆ ఉక్కపోతలో ఓపిక నశించి చాలామంది తామే టెస్టర్ పట్టుకుంటారు.

నా ఇంట్లో నేను చేసుకుంటే చట్టం తప్పంటుందా?

ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, స్విచ్చు, 250 వోల్టుల లోపు ఇంటి సామాను మార్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వైరింగ్ సామర్థ్యం మాత్రం మారకూడదు. ఏసీ కోసం కొత్త లైను లాగితే అది మారినట్టే. ఆ పని లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయాలి. డ్రెయిన్ పైపు వాలు సరిచేయడం, గోడకు పడ్డ రంధ్రం పూడ్చడం లాంటివి నిక్షేపంగా మీరే చేసుకోండి.

ఉన్న సాకెట్‌కే తగిలిస్తే?

వద్దు. టన్నున్నర ఏసీ పూర్తి లోడు మీద ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టిన ప్లగ్ ఒకటి చూశాను: ఒక పిన్ను నల్లబడింది, ప్లాస్టిక్ మైనంలా కరిగి సాకెట్‌కు అతుక్కుపోయింది. పిల్లలు పడుకునే గది అది. ఆ నల్లటి పిన్ను ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అన్నిటికంటే ముందు ఎర్తింగ్ సంగతి అడగండి. మే నెలలో ఎర్తింగ్ గుంత ఎండిపోతే లీకైన కరెంటు భూమిలోకి సరిగా దిగదు, ఏసీ ఇనుప బాడీ షాకు కొడుతుంది. గుంతలో నీళ్లు పోయిస్తూ ఉండండి. వైర్‌మన్‌తో మీటరు పెట్టి కొలిపించండి.

కరెంటు ఆఫీసుకు చెప్పాలా?

బిల్లు మీద మంజూరైన లోడు చూడండి. ఒక కిలోవాటే ఉంటే ఏసీ ఆన్ చేయగానే దాటిపోతుంది. హనుమకొండ కేంద్రంగా ఉన్న మన విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు చేసుకోవాలి. వీధిలో అందరూ చెప్పకుండా పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. కరెంటు ఫిర్యాదులకు నంబరు 1912.

గ్యాస్ పైపుల నట్లు బిగించుకోవచ్చా?

ముట్టుకోకండి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 గ్యాస్ ఉంటుంది, దానికి కొద్దిగా మండే గుణం ఉంది. కొన్నిట్లో ఉండే ఆర్-290 అయితే ప్రొపేనే, వంటగ్యాస్‌లా అంటుకుంటుంది. పైపుల్లోని గాలి, తేమ వాక్యూమ్ పంపుతో తీయకుండా వాల్వు తెరిస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. పక్కన నిలబడి పంపు పెట్టించండి, చివర్లో నట్ల మీద సబ్బు నురగ రాయించండి. బుడగ పొంగితే లీకున్నట్టే.

అవుట్‌డోర్ యూనిట్ పడి ఎవరికైనా తగిలితే?

2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో పైనుంచి అవుట్‌డోర్ యూనిట్ పడి, కింద బండి మీద కూర్చున్న కుర్రాడు చనిపోయాడు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు అవుతుంది. నలుగురు నడిచే దారి మీద మాత్రం వేలాడదీయకండి.

అద్దె ఇల్లయితే?

గోడకు రంధ్రం కొట్టే ముందు ఓనరుతో మాట్లాడి వాట్సాప్‌లోనైనా ఒప్పుకోలు తీసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మీరు బిగించింది మీరు తీసుకెళ్లొచ్చు. గోడను మాత్రం మొదట ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

డబ్బు తీసుకుని పని సగంలో వదిలేస్తే?

అది సేవాలోపం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. బిల్లు, వారంటీ కార్డు, సగం పని ఫొటోలు దాచుకోండి. మిగతా పని మీరే చేస్తే, తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు కంపెనీ మీ వైపే వేలు చూపిస్తుంది.